పిల్లల కంప్యూటరు ఆటలు: భూగోళము, వన్యమృగములు

వైకుంఠపాళి ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ పటములో గడిగడికిని ఏదో యొక పేరు వ్రాసి యుండును. ఆ పేర్లను ఆడువారిలో ఎందరు చదువుదురు? చదివినను చదువకున్నను, పైవరుసలోని పెద్దపాము నోట బడి క్రిందికి జారిన పిల్లవాడు ఆ గడిని మాత్రము మరువడు. మరల ఆ వరుసకు చేరినప్పుడు గవ్వలను చేతబట్టి ఊపిరి బిగబట్టును. అక్షరములు నేర్పలేనిదానిని పాము నేర్పినది. ఆట పాఠము చెప్పెడి తీరే వేరు. అది వాక్యములతో చెప్పదు, నియమముతో చెప్పును. ఎక్కడ అడుగిడిన పైకి పోవుదుము, ఎక్కడ అడుగిడిన క్రిందికి జారుదుము అనునదే ఆటలోని అసలు పాఠము, తక్కినదంతయు అలంకారము.

ఈ మాటను మనస్సున ఉంచుకొని, పిల్లలకు భూగోళమును, అంతరించిపోవుచున్న జంతువుల సంగతిని బోధించుటకై వచ్చిన కంప్యూటరు ఆటలను కొన్నిటిని ఇచ్చట పరిశీలింపదలచినాము. రేడియో ఉన్న ఇంట నేడు కంప్యూటరో, చేతిఫోనో కూడ ఉన్నది. బడి విడిచి వచ్చిన పిల్లలు దాని ముందు కూర్చుండి, పెద్దలు కసరినప్పుడు "ఇది కూడ చదువే" అని బదులు చెప్పుట మన పాఠకులలో పెక్కురకు అనుభవమే యై యుండును. ఆ బదులు ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు కాదు. ఎప్పుడు నిజమో తెలిసికొనవలెనన్నచో ఆట పైనున్న పేరును గాని, పెట్టెపై ముద్రించిన బొమ్మలను గాని చూచి లాభము లేదు. ఆటలోపలి నియమమును చూడవలెను.

వయస్సునను పేరునను కూడ ఈ ఆటలలో పెద్దది "ఆరిగన్ ట్రెయిల్" అనునది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, మినియాపొలిస్ నగరపు బడిలో 1971వ సంవత్సరమున డాన్ రావిచ్ అను యువకుడు ఉపాధ్యాయ శిక్షణలో భాగముగా చరిత్ర చెప్పుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వేలకొలది కుటుంబములు బండ్లు కట్టుకొని, మిస్సౌరీ రాష్ట్రపు ఇండిపెండెన్స్ పట్టణము నుండి పడమటనున్న ఆరిగన్ సీమకు వలసపోయిన వృత్తాంతమును అతడు బోధింపవలసి వచ్చెను. ఆ దారి దాదాపు 2,000 మైళ్లు, అనగా 3,200 కిలోమీటర్లు. మైదానములు, నదులు, కొండకనుమలు, ఎడారి నేలలు వరుసగా దాటవలసిన దారి. అతడు మొదట పెద్ద కాగితముపై ఆ దారిని గీసి, చీట్లు తీసి ఆడు ఆటగా చేయబూనెను. అనగా మన వైకుంఠపాళికి చుట్టమే. అతనితో ఒకే ఇంట కాపురముండిన బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ అను ఇరువురు గణితము బోధించువారు. కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయుట వారికి తెలియును. వారు ఆ కాగితమును చూచి, ఇది కంప్యూటరు చేయదగిన పని యనిరి. సుమారు రెండు వారములలో ఆట సిద్ధమయ్యెను. 1971 డిసెంబరు 3వ తేదీన పిల్లలు దానిని తొలిసారి ఆడిరి.

ఆనాటి ఆటలో బొమ్మలు లేవు, తెర కూడ లేదు. బడిలో ఉన్నది టెలిటైపు యంత్రము మాత్రమే. అది టెలిఫోను తీగ ద్వారా ఎక్కడనో దూరమున ఉన్న కంప్యూటరుతో మాటలాడి, వచ్చిన జవాబును కాగితపుచుట్టపై టకటక అచ్చువేయును. ఎంత దూరము వచ్చితిమి, తిండి ఎంత మిగిలినది, ఎవరికి జబ్బు చేసినది అని యంత్రము చెప్పుచుండగా పిల్లలు దాని చుట్టును మూగి చదువుదురు. నదిని, కొండను, బండిని వారు తమ మనస్సుననే చూచిరి. రేడియో నాటకము వినుటకు అలవాటుపడినవారికి ఇందు వింత ఏమియు తోచదు. వేటకు పోవలెనన్నచో "బ్యాంగ్" అను మాటను తప్పులేకుండ వేగముగా టైపు చేయవలెను. ఎంత వేగముగా కొట్టిన అంత గురి.

బడిలో వారి శిక్షణ ముగియగానే ఆ ఆటను కంప్యూటరు నుండి తుడిచివేసిరి. కాగితముపై అచ్చువేసి ఉంచుకొన్న ఆజ్ఞల ప్రతి మాత్రము మిగిలినది. 1973లో మిన్నెసోటా రాష్ట్రము బడులకు కంప్యూటరు సౌకర్యము కల్పించుటకై ఒక సంస్థను నెలకొల్పెను. దానిని పొడి అక్షరములతో "మెక్" అనుట అలవాటు. 1974లో రావిచ్ ఆ సంస్థలో చేరి, దాచుకొన్న కాగితములను చూచి ఆటను మరల టైపు చేసి ఎక్కించెను. అప్పుడు అతడు చేసిన మరియొక పని మాకు మిక్కిలి నచ్చినది. ఆ దారిన పోయినవారు వ్రాసికొన్న దినచర్య పుస్తకములను చదివి, వాన ఎంత తరచుగా కురిసెను, బండి ఎంత తరచుగా విరిగెను, జబ్బులు ఎక్కడ పట్టుకొనెను అని లెక్కలు తీసి, ఆటలోని కష్టములు ఆ లెక్కల ప్రకారమే వచ్చునట్లు దిద్దెను. భూగోళ పాఠములో "ఇచ్చట వర్షములు అధికము" అని చదువుట వేరు. ఆ వర్షములో బండి దిగబడి నాలుగు దినములు పోవుట వేరు. ఇంత ప్రసిద్ధమైన ఆటను కనిపెట్టిన ఆ ముగ్గురకును దానివలన డబ్బు రాలేదు.

ఇక జంతువుల సంగతి. 1985లో మెక్ సంస్థ ఈ ఆటను ఆపిల్ కంప్యూటరు కొరకు బొమ్మలతో క్రొత్తగా తయారు చేసెను. ఇందు వేటకు టైపు చేయనక్కరలేదు. తెరపై చిన్న మనిషి తుపాకి పట్టుకొని నిలుచును. ఉడుతలు, కుందేళ్లు, లేళ్లు, ఎలుగుబంట్లు, అమెరికా అడవిదున్నలు పరుగెత్తుచుండును. ఆ అడవిదున్ననే బైసన్ అందురు. తుపాకిగుండ్లు చౌక. బైసన్ పెద్దది, నెమ్మదిది, గురి తప్పదు. పిల్లలు తెరనిండ జంతువులను పడగొట్టి సంతోషపడుదురు. వేట ముగియగానే యంత్రము ఒక లెక్క చూపును: మీరు చంపిన జంతువుల మాంసము ఇన్ని వందల పౌనులు, మీరు మోసికొని బండికి తేగలిగినది నూరు పౌనులు మాత్రమే. నూరు పౌనులనగా సుమారు 45 కిలోలు. మిగిలినదంతయు మైదానమున కుళ్లవలసినదే.

ఈ ఒక్క నియమమును గురించి ఇంతగా వ్రాయుటకు కారణము ఉన్నది. ఆ ఆట ఎక్కడను "వృథాగా చంపకుము" అని నీతి చెప్పలేదు. చంపినవానికి శిక్ష వేయలేదు. చంపినది ఇంత, తెచ్చుకొన్నది ఇంత అని రెండు అంకెలను ప్రక్కప్రక్కన నిలిపినది, అంతే. ఆ తేడా కొందరు పిల్లలకు నవ్వు తెప్పించినది, కొందరకు సిగ్గు తెప్పించినది. కాని 1985 తరువాత అమెరికా బడులలో చదివిన తరమువారిని నేడు అడిగినను ఆ నూరు పౌనుల సంగతి చెప్పుదురు. పాఠ్యపుస్తకములోని ఏ పంక్తికి ఇట్టి భాగ్యము పట్టినది?

అసలు చరిత్ర ఆ అంకెలకంటె భయంకరము. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఉత్తర అమెరికా మైదానములలో బైసన్లు కోట్లలో ఉండెనని పండితుల అంచనా. మూడు కోట్లని కొందరు, ఆరు కోట్లని కొందరు. 1870 దశకమున వాని తోలును పదునుచేసి కర్మాగారములలో యంత్రములను త్రిప్పు పట్టీలుగా వాడుటకు వీలు కలిగినది. రైలుమార్గములు మైదానములను చీల్చుకొని పోయినవి. తోళ్ల వర్తకులు వేలకొలది వేటగాండ్రను పంపిరి. తోలు ఒలిచి తక్కిన శరీరమును వదలివేసిరి. పదిపదునైదు సంవత్సరములలో మందలు మాయమైనవి. 1889లో విలియం హార్నడే అను జంతుశాస్త్రజ్ఞుడు లెక్క తీయగా, బోనులలో నున్నవానిని కూడ కలుపుకొని, మిగిలినవి వెయ్యిపైచిలుకు మాత్రమే. ఈ హార్నడే అంతకుముందు మన దక్షిణదేశపు అడవులలో కూడ తిరిగి జంతువులను సేకరించినవాడు. మొదట అతడును తుపాకి పట్టినవాడే. తరువాత అతడే న్యూయార్కు నగరపు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలకు అధికారియై, 1905లో బైసన్ రక్షణకై ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడై, 1907లో 15 బైసన్లను రైలుపెట్టెలలో ఎక్కించి ఓక్లహోమాలోని మైదానమునకు పంపించెను. ఏ రైలు వానిని పోగొట్టెనో ఆ రైలే తిరిగి తెచ్చినది. నేడు రక్షిత మందలలో బైసన్లు వేలకొలది ఉన్నవి. 2016లో అమెరికా దానిని తన జాతీయ క్షీరదముగా ప్రకటించెను.

ఇచ్చట ఆట చెప్పని సంగతి ఒకటి ఉన్నది. దానిని కూడ చెప్పవలెను. బైసన్ల వినాశమునకు ముఖ్యకారణము బండ్లలో పోయిన బాటసారులు కారు, తరువాత వచ్చిన తోళ్ల వ్యాపారము. ఆటలో ఆ వ్యాపారము లేదు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. ఆ మైదానములలో లకోటా మొదలైన ఆదివాసులు బైసన్ మీదనే బ్రదికిరి. తిండి, గుడారము, దుప్పటి అన్నియు దానినుండియే. బైసన్ పోవుటయనగా వారి బ్రదుకు పోవుటయే. బండిలో కూర్చుండి ఆడు పిల్లవానికి ఈ సంగతి కనబడదు. ఆట ఎప్పుడును ఒకరి కన్నులతోనే లోకమును చూపును. ఎవరి కన్నులతో అని పెద్దలు అడుగవలసి యుండును. 2021లో ఈ ఆటను మరల క్రొత్తగా చేసినవారు ఆదివాసి చరిత్రకారులను సంప్రదించి దిద్దుకొనిరి. అది ఆలస్యముగానైనను మంచిపని.

అదే 1985లో కాలిఫోర్నియాలోని బ్రోడర్‌బండ్ అను కంపెనీవారు మరియొక ఆటను విడుదల చేసిరి. కార్మెన్ శాండియాగో అను గజదొంగ ముఠాను దేశదేశములు వెంబడించుట ఇందలి కథ. పిల్లవాడే గూఢచారి. దొంగ ఏ నగరమునకు పారిపోయెనో తెలియదు. సాక్షుల నడిగిన వారు సూటిగా చెప్పరు. అతడు డబ్బును యెన్లుగా మార్చుకొనెననియో, ఫలాని రంగుల జెండాగల విమానమెక్కెననియో చెప్పుదురు. ఆ నాణెము ఏ దేశమునది? ఆ జెండా ఎవరిది? తెలియనిచో తప్పు నగరమునకు పోయి గడువు పోగొట్టుకొనవలెను. పారిస్, ఏథెన్స్, మాస్కోలతోపాటు మన న్యూఢిల్లీ, పొరుగున కొలంబో కూడ ఆ నగరములలో ఉన్నవి.

ఈ ఆటతోపాటు పెట్టెలో ఒక లావుపాటి పుస్తకమును ఉంచిరి. "వరల్డ్ ఆల్మనాక్" అను ఆ సంవత్సరపు సమాచార గ్రంథము. ఆట నడువవలెనన్నచో పుస్తకము తిరగవేయక తప్పదు. బలవంతముచేసినను పుస్తకము తెరువని పిల్లలు దొంగ తప్పించుకొనునను తొందరలో దానిని నలిగిపోవునట్లు చదివిరి. ఆటను కూర్చినవారి తెలివి అంతయు ఇందే ఉన్నదని మా అభిప్రాయము. ఆటలోని విషయములు పాతబడినవి: 1991లో సోవియట్ యూనియన్ లేకుండ పోయినది, 2002లో యూరో నాణెములు వచ్చి ఏథెన్స్ డ్రాక్మాను, పారిస్ ఫ్రాంకును తొలగించినవి. ఆనాడు కంఠస్థము చేసినది నేడు చెల్లదు. వెదకి చూచుకొను అలవాటు మాత్రము చెల్లుచునే ఉన్నది.

కాని ఇందు నేల లేదు. నగరమునుండి నగరమునకు విమానములో ఎగురుటయే. రెండు ఊళ్ల నడుమ అడవియున్నదో, ఎడారి యున్నదో, అచ్చట ఏ ప్రాణి బ్రదుకుచున్నదో అడుగవలసిన పని దొంగను పట్టువానికి లేదు. భూగోళము పేర్ల జాబితా యైనప్పుడు జంతువునకు అందు చోటుండదు.

మెక్ సంస్థ 1993లో తెచ్చిన "అమెజాన్ ట్రెయిల్" ఈ లోటును కొంత తీర్చినది. ఆరిగన్ దారిన బండి పోయినట్లు ఇచ్చట దోనె పోవును. అమెజాన్ నదిపై, ప్రవాహమునకు ఎదురుగా, ఇంకా రాజునకు మందుచెక్క అందించుటకై ప్రయాణము. ఆ చెక్క సింకోనా చెట్టుది. మలేరియా జ్వరమునకు మందైన క్వినైనును దానినుండియే తీయుదురు. ఆ చెట్లను తెచ్చి 1860 దశకమున మన నీలగిరులలో నాటించినారు గనుక దక్షిణాదివారికి ఈ కథతో కొంత బాంధవ్యము ఉన్నది. దారిలో ఈటెతో చేపలు కొట్టుకొని తినవచ్చును. ఒడ్డున కనబడు జంతువులను, చెట్లను మాత్రము ఫొటో తీసి ఫలానా అని గుర్తింపవలెను. ఎనిమిదేండ్ల క్రిందట తుపాకి ఇచ్చిన సంస్థయే ఇప్పుడు పిల్లవాని చేతికి కెమెరా ఇచ్చినది. జంతువును చూచుటయే లాభము, చంపుటవలన లాభము లేదు అనునది క్రొత్త నియమము. నియమము మారగానే పిల్లవాని చూపు కూడ మారును. గురి చూచు కన్ను, గుర్తు చూచు కన్ను ఒకటి కావు.

ఐనను మేము అన్నిటికంటె ఎక్కువగా ఆలోచనకు లోనైనది ఇదే సంస్థ చేసిన చిన్న ఆట యొకటి చూచి. దాని పేరు "ఓడెల్ లేక్". పెద్ద పేరుగాని, పెద్ద కథగాని దానికి లేవు. ఆరిగన్ రాష్ట్రమున కాస్కేడ్ పర్వతములలో ఆ పేరుగల సరస్సు నిజముగా ఉన్నది. 1980 దశకమున అమెరికా బడులలో వేలకొలది పిల్లలు దీనిని ఆడిరి. ఇందు పిల్లవాడు మనిషి కాడు, చేప. ఏ చేపగా ఉండవలెనో తానే ఎన్నుకొనును. సరస్సులో ఈదుచుండగా ఎదురుగా ఏదో యొక ప్రాణి వచ్చును. తినవలెనా, పారిపోవలెనా, పట్టించుకొనక పోవలెనా? తప్పు ఎంచుకొన్నచో ఎదుటివానికి ఆహారమగును. పైనుండి చేపలుపట్టు గ్రద్ద రావచ్చును, నీటికుక్క రావచ్చును, మనిషి వేసిన గాలము కూడ రావచ్చును. ఎవరు ఎవరిని తిందురు అను సంగతి పది నిమిషములలో పిల్లవాని ఒంటికి పట్టును.

ఆ చేపలలో ఒకదాని పేరు డాలీ వార్డెన్. ఆ సరస్సులో ఆ పేరుతో పిలిచిన చేప వేరుజాతిదని, దాని పేరు బుల్ ట్రౌట్ అని 1978లో శాస్త్రజ్ఞులు విడదీసి చెప్పిరి. ఇరువది సంవత్సరములు గడచినవి. 1998లో కొలంబియా నదీప్రాంతపు బుల్ ట్రౌట్‌ను అమెరికా ప్రభుత్వము ముప్పునకు లోనైన ప్రాణుల పట్టికలో చేర్చెను. పిల్లలు తెరపై ఏ చేపగా మారి తప్పించుకొనుచుండిరో, ఆ చేప నిజమైన సరస్సులో తప్పించుకొనలేకపోవుచుండెను.

ఎందువలన? అది ఆటలో చెప్పినట్లు ఎవరో తినివేయుటవలన మాత్రమే కాదు. ఆటలో మెకినా అను పెద్దచేప ఒకటి ఉన్నది. అది ఆ సరస్సులో పుట్టినది కాదు, మనుష్యులు బయటినుండి తెచ్చి విడిచినది. పరాయి చేపలతో పోటీ ఒక కారణము. రెండవది మరింత సూక్ష్మమైనది. బుల్ ట్రౌట్ గ్రుడ్లు పెట్టవలెనన్నచో చల్లని స్వచ్ఛమైన నీరు, అడుగున శుభ్రమైన గులకరాళ్లు కావలెను. ఓడెల్ సరస్సులోనివి ముఖ్యముగా ట్రాపర్ క్రీక్ అను ఒక్క వాగులోనికే పోయి గ్రుడ్లు పెట్టును. సరస్సు ఎంత విశాలమైనను ఆ జాతి బ్రదుకు ఆ వాగులోని గులకరాళ్లపై ఆధారపడి ఉన్నది. ఆటలో సరస్సు ఉన్నది, వాగు లేదు. తినుట, తప్పించుకొనుట ఉన్నవి. గ్రుడ్లు పెట్టుటకు చోటు వెదకికొనుట లేదు.

ఇది ఆటను తప్పుపట్టుటకు చెప్పుట కాదు. ఆనాటి కంప్యూటరులో ఎంత ఇమిడించగలరో అంతయు ఇమిడించినారు. ఇమిడించిన మేరకు అది సత్యమే. కాని అంతరించుచున్న జంతువులను గురించి ఆట కూర్చువారికి ఇచ్చట ఒక చిక్కు కనబడుచున్నది. ఒక ప్రాణి మరియొక ప్రాణిని తినుట కంటికి కనబడును, క్షణములో జరుగును, ఆటకు సరిగా సరిపోవును. ఒక ప్రాణి తన చోటును కోల్పోవుట కంటికి కనబడదు, ఏండ్ల తరబడి జరుగును. లోకములో జంతువులు ఎక్కువగా అంతరించుచున్నది ఈ రెండవ విధముననే. అందుచేత జంతువులు, భూగోళము అను రెండు పాఠములను వేరుచేసిన ఆట ఏదియు ఈ సంగతిని చెప్పలేదు. పులి బొమ్మ చూపి పేరడుగుట, పటము చూపి దేశమడుగుట పరీక్షలే గాని ఆటలు కావు. ఏ చోటు మారిన ఏ ప్రాణి పోవును అని పిల్లవాని చేతనే చేయించి చూపిననాడు ఆ రెండును ఒకే పాఠమగును.

నేడు ఇట్టి ఆటలు లెక్కకు మించి వచ్చుచున్నవి. ఇంట పిల్లలకు ఏది ఇవ్వవచ్చునని అడుగువారికి మేము చెప్పగలది ఒక్కటే. ఆట ముగిసిన పిదప, ఎన్ని మార్కులు వచ్చినవని కాక, ఏమి చేసినందువలన ఏమి పోయినది అని అడిగి చూడుడు. నూరు పౌనుల మాంసమును గురించి, గాలమునకు చిక్కిన చేపను గురించి పిల్లవాడు ఆగకుండ చెప్పును. ఏమియు చెప్పలేక "అన్నియు సరిగానే చెప్పితిని" అన్నచో, అతడు ఆడినది ప్రశ్నపత్రమని తెలియును.

మన దేశపు ప్రాణులపై ఇట్టి ఆటను కూర్చవలెనన్నచో కడప జిల్లాలోని కలివికోడి మాకు వెంటనే స్ఫురించును. 1848లో జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు, అంతరించినదనియే తలచిరి. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు స్థానికుల సాయముతో లంకమల ప్రాంతమున దానిని మరల కనుగొనిరి. అచ్చటివారికి ఆ పిట్ట పేరు తెలిసియే ఉన్నది.

దానిని వెదకు తీరు ఏ ఆటకును తీసిపోదు. అది రాత్రిపూట తిరుగు పిట్ట. రంగు నేలలో కలిసిపోవును. కావున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని బారులుగా పరచి, తెల్లవారిన పిదప దానిపై పడిన కాలిగుర్తులను పరీక్షించిరి. ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి, కొలది నిమిషములు మాత్రమే, అది రెండు స్వరముల కూత కూయును. ఆ కూతకై చెవియొగ్గి కూర్చుండిరి. అట్టి ఆటలో పిల్లవానికి తుపాకి అక్కరలేదు, కెమెరాతోను పని తక్కువ. చీకటి పడిన తెర, చెవి చాలును. రేడియో వినుటకు అలవాటుపడిన ఇంటి పిల్లలు అందు ముందుందురని మా నమ్మకము.

నియమమును కూడ ఆ పిట్టయే ఇచ్చుచున్నది. దానికి పొదలు కావలెను. కాని పరిశోధనలలో తేలినదేమన, మరీ పలుచనైనను అది ఉండదు, మరీ దట్టమైనను ఉండదు. కట్టెలు కొట్టువారు, మేకలు తోలువారు, కాలువలు త్రవ్వువారు అందరును ఆ పొదల మీదనే. పొదలనన్నిటిని నరికిన కూత ఆగిపోవును. ఎవరిని రానీయక పొదలను ఇష్టము వచ్చినట్లు పెరుగనిచ్చినను ఆగిపోవచ్చును. ఎంత మేత, ఎంత కట్టె అని పిల్లవాడు తూచి చూచుకొనవలెను. అవతల చేలకు నీరు కూడ కావలెను. తెలుగుగంగ కాలువ విషయమున ఈ చిక్కు నిజముగానే వచ్చినది; పిట్ట ఉన్న నేలను తప్పించుటకై కాలువ దారిని మార్చవలసి వచ్చినది.